ట్రెబుల్ ఇంకొంచెం

ఇంకొంచెం, ఇంకొక్క రవ్వ తిప్పితే సరిపోతుంది, ఈ గిటార్ ఆంప్‌కి ఏదో మందకొడితనం పట్టుకుంది, గెయిన్ పెంచితే శబ్దం చిక్కబడుతోంది గాని తేటపడటం లేదు, తీగ మీటిన తొలి క్షణంలో చిన్న మెరుపు ఉండాలి, అదే లేదు, అందుకే గెయిన్ తగ్గించి, సన్నటి మోతని పైకి తెచ్చే ట్రెబుల్ పెంచాను, పదునును కోసేసే ఫిల్టర్‌ని పూర్తిగా తెరిచేశాను, అయినా దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టే ఉంది, రేపు రికార్డింగ్ పెట్టుకుని ఇవాళే దీని పాత రోగం ముదరాలా, వదినా, చెవులు చిల్లులు పడుతున్నాయి, తగ్గించు, అంటాడు మిక్సర్ ముందు కూర్చున్న మరిది, వాడికి దిండు దగ్గర్నుంచి పాట దాకా అన్నీ మెత్తగానే ఉండాలి, పైగా స్పీకర్ సూటిగా వాడి మొహానికి వినిపిస్తుంది, నిలబడి వాయించే నాకు మోకాళ్ళకి వినిపిస్తుంది, అదీ సంగతి అనుకుని ఆంప్‌ని కుర్చీ ఎక్కించాను, ఎప్పటిలాగే ఎడమ చెవి దగ్గరగా పెట్టి మీటాను, మళ్ళీ అదే దుప్పటి.

కేబుల్ మార్చాను, తీగలు నిన్ననే మార్చాను, గోడకున్న మందపాటి తెర మీద కూడా అనుమానపడ్డాను, ఆ తెర ఏం పాపం చేసిందే, అన్నాడు మా ఆయన డ్రమ్స్ వెనక నుంచి కర్రతో వీపు గోక్కుంటూ, ఈయనకి ప్రతిదీ వేళాకోళమే, పొద్దున కూడా అంతే, వాషింగ్ మెషీన్ పని అయిపోయిందని అంతసేపు కూస్తుంటే పక్కనే ఉండి కట్టేయవేమే, అన్నాడు, నాకు వేరే పనుల్లేవా అని విసుక్కున్నాను, నిజానికి కుడి చెవికి ఫోన్ ఆనించుకున్న నాకు అది కూసిన సంగతే తెలియదు, ఆ మాట అనడం ఇష్టంలేక విసుక్కున్నాను, మా బ్యాండ్‌లో చెవి అంటే నాదే మరి, అందరి ఆంప్‌లకీ నాబ్‌లు తిప్పిపెట్టేది నేనే, నా చెవే పోతే ఇక్కడ నాకేం మిగులుతుంది.

వదినా, ఒట్టు, కత్తిలా కోస్తోంది, అంటున్నాడు మరిది, ఈసారి నవ్వడం లేదు, రెండు చెవులూ మూసుకున్నాడు, ఏమిట్రా నీ గోల అని వాడి వైపు తల తిప్పాను, తీగ ఇంకా మోగుతూనే ఉంది, కుడి చెవి స్పీకర్‌కి ఎదురుగా వచ్చింది, పళ్ళు జివ్వుమన్నాయి, ఇటు తిప్పాను, దుప్పటి, అటు తిప్పాను, కత్తి, ఎడమ చెవి, ఎడమ పక్కన ఏముంది, మా ఆయన సింబల్, చెవి పగిలేలా మోగే ఆ ఇత్తడి పళ్ళెం, పెళ్ళికి ముందు నుంచీ దాని పక్కనే నిలబడుతున్నాను, అక్కడైతే ఓరకంట ఆయన చేతులు కనిపిస్తాయని, భయం వేసింది, నీళ్ళు తాగాలనిపించేంత మామూలు భయం.

ఏమైందే, అంటున్నాడు ఆయన, చెప్తాను, ఇంటికెళ్ళేటప్పుడు నా కుడివైపు నడవమని చెప్పి మరీ చెప్తాను, ఎక్కడ బాగుంటే అక్కడ ఆపమనరా అని మరిదికి చెప్పి ట్రెబుల్ వెనక్కి తిప్పాను, ఫిల్టర్ సగం మూశాను, ఆ, చాలు వదినా, ఇప్పుడు అదిరింది, కుడి చెవి పెట్టి విన్నాను, నిజమే, అదిరింది, ఎడమ చెవి పెట్టాను, గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది, ఆంప్‌కి ఏ రోగమూ లేదు, ఈ నాబ్ తిప్పి తిప్పి ఇన్నాళ్ళూ నేను బాగుచేయబోయింది నా చెవినే.