ఉపవాసంలో పాలు

చౌడేశ్వరి భయాలని ఆ ఇంట్లో పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. బల్లి మీద పడితే భయం, మంగళవారం ప్రయాణమంటే భయం, పళ్ళు ఊడినట్టు కలొస్తే ఆ రోజంతా ఎవర్నీ గడప దాటనివ్వదు. అలాంటి మనిషిని కూచోబెట్టి, నీ కూతురి కింది దవడ ఎముకని రెండువైపులా కోసి, వెనక్కి జరిపి, మళ్ళీ బిగిస్తామని చెబితే ఏమవుతుంది? ఏడాదిన్నరగా అదే అయింది. ఆవిడకి కంటిమీద కునుకు లేదు, ఇంట్లోవాళ్ళకి మనశ్శాంతి లేదు.

వాళ్ళది పెడన. ఏడుకొండలు మగ్గాలమీద చీరలు నేయించి బెజవాడ వన్‌టౌన్ షాపులకి వేస్తాడు. ఒక్కతే కూతురు శ్రీదుర్గ. బెజవాడలో ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. కరోనా పోయి అందరూ మాస్కులు తీసేసినా శ్రీదుర్గ తియ్యలేదు. క్లాసులో మాస్కు, బస్సులో మాస్కు, పెళ్ళి భోజనానికి వెళ్తే అసలు తినకుండానే వచ్చేస్తుంది. నోరు మూస్తే ఆమె కింది పళ్ళు పై పళ్ళకి ముందుకొచ్చి కూర్చుంటాయి, గడ్డం ముందుకి పొడుచుకొస్తుంది. ఆ దవడ ఎక్కడిదని ఎవరూ అడగక్కర్లేదు. పక్కన తల్లి నిలబడితే చాలు.

పళ్ళ కాలేజీ ఆసుపత్రిలో లక్ష్మీకాంత్‌గారని ఒక డాక్టరు ఉన్నాడు. పళ్ళకి తీగలు వేసి సరిచేసేది ఆయనే. దాంతోపాటు నవ్వులమీద పరిశోధన చేస్తున్నాడు. నవ్వితే పై పళ్ళు ఎంతవరకు కనిపిస్తే జనానికి బాగుంటుంది, గడ్డం ఎక్కడుంటే ముఖం కుదిరినట్టుంటుంది అని వందలమందికి ఫొటోలు చూపించి మార్కులు వేయిస్తాడు. నవ్వుకి మార్కులేమిటని చౌడేశ్వరి మొదటిరోజు నోరెళ్ళబెట్టింది. ఆయన మాత్రం ఓపిగ్గా చెప్పాడు. "ఇది అందం కోసమే కాదమ్మా. అమ్మాయి ముందు పళ్ళతో దేన్నీ కొరకలేకపోతోంది. దవడ పళ్ళు అరిగిపోతున్నాయి, చిగుళ్ళు దిగిపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే నలభై ఏళ్ళకే సగం పళ్ళు కదులుతాయి."

అని కంప్యూటర్‌లో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకదాని కింద 'ముందు' అని, రెండోదాని కింద 'తర్వాత' అని ఉంది. శ్రీదుర్గ రెండో బొమ్మని రెప్ప వెయ్యకుండా చూసింది. చౌడేశ్వరి మొదటి బొమ్మనే చూస్తూ ఉండిపోయింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ముందు తీగలు వేశారు. ఆపరేషన్ దాకా ముఖం ఇంకా తేడాగా కనబడుతుందని డాక్టరు చెప్పనే చెప్పాడు, అలాగే అయింది. ఏ దవడ పళ్ళు ఆ దవడలో సర్దుకునేసరికి గడ్డం మరీ ముందుకొచ్చినట్టయింది. శ్రీదుర్గ అద్దం చూడ్డం మానేసి, ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తూ రోజులు నెట్టింది. తీరా తేదీ వస్తే ఆషాఢమని చౌడేశ్వరి ఒకసారి ఆపింది. రెండోసారి ఇంకా ఘనకార్యం చేసింది. పిల్లకి జ్వరం కాస్తోందని లక్ష్మీకాంత్‌గారికి సొంతంగా ఫోన్ చేసి చెప్పేసింది. జ్వరం లేదు, గిరం లేదు. సంగతి బయటపడ్డాక శ్రీదుర్గ తల్లితో చాలా రోజులు మాట్లాడలేదు.

మూడోసారి ఎవరూ ఆవిడ మాట విన్లేదు. దవడ కోసే సర్జన్ హైదరాబాద్ నుంచి వస్తున్నాడు, సాయంత్రం విమానానికి వెళ్ళిపోతాడు. ముందురోజే వార్డులో చేరారు. సాయంత్రం నర్సు వచ్చి, "రేపు పొద్దున ఫాస్టింగమ్మా, టిఫినూ గిఫినూ పెట్టకండి," అంది.

"ఉపవాసమా?" అంది చౌడేశ్వరి.

"ఆఁ, ఉపవాసమే," అని నర్సు హడావిడిగా పక్క మంచం దగ్గరికి పోయింది.

ఉపవాసాల సంగతి చౌడేశ్వరికి ఒకరు చెప్పాలా? ఏకాదశులు, శివరాత్రులు, శనివారాలు. వాళ్ళింట్లో ఉపవాసమంటే పొయ్యిమీద ఉడికింది ముట్టకూడదు, ఉప్పు తగలకూడదు. పాలూ పళ్ళూ తిండి కిందకి రావు. పిల్లతోపాటు తనూ ఉపవాసం ఉండాలనుకుంది. ఆపరేషనంటే ఇష్టం లేకపోయినా, ఉపవాసం మాత్రం నిష్ఠగా చేయించాలి కదా. పొద్దున్నే ఏడుకొండలు టీకని కిందికి దిగగానే ఫ్లాస్కులోంచి గ్లాసునిండా పాలు పోసి ఇచ్చింది.

"తాగొచ్చా?" అంది శ్రీదుర్గ.

"ఉపవాసంలో పాలు తాగొచ్చే. నర్సునడిగా," అంది చౌడేశ్వరి. అడిగాననే అనుకుంది మరి. రెండు అరటిపళ్ళు కూడా వలిచి చేతిలో పెట్టింది. ముందు పళ్ళతో కొరకలేదు కాబట్టి శ్రీదుర్గ ఎప్పట్లాగే తుంచుకుని బుగ్గన పెట్టుకుని తింది. తర్వాత నర్సు వచ్చి, "ఏమన్నా తిన్నారా?" అంటే, "లేదండీ, ఉపవాసం," అని చౌడేశ్వరే చెప్పింది. నర్సు రాసుకుంది. ఆకుపచ్చ గౌను వేసి, స్ట్రెచర్ ఎక్కించి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది.

బయట బెంచీమీద మైలవరం నుంచి వచ్చిన మార్త అనే ఆవిడ కూర్చుని తిట్టుకుంటోంది. ఆవిడ తమ్ముడు యేసుబాబుకి బైకు మీంచి పడి దవడ విరిగింది, ఇవాళ ప్లేటు వెయ్యాలి, వాయిదా వేసేశారు.

"ఎందుకమ్మా?" అంది చౌడేశ్వరి, మాట కలపాలని.

"టీ తాగాడక్కా వెధవ. అరకప్పు టీ. మత్తు డాక్టరమ్మ హెలెన్‌గారు చెడామడా తిట్టింది. మత్తిచ్చాక పొట్టలో ఏమున్నా పైకొచ్చేసి ఊపిరితిత్తుల్లోకి పోద్దంట. పోతే మనిషి దక్కడంట. ఫాస్టింగంటే ఏందనుకున్నాడో. మా ఉపవాస ప్రార్థనలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టం."

చౌడేశ్వరికి ముందు ఆ మాటలు చెవిలో పడ్డాయిగానీ లోపలికి దిగలేదు. దిగాక పై ప్రాణాలు పైనే పోయాయి. అరకప్పు టీ. గ్లాసునిండా పాలు. వెన్న తీయని గేదెపాలు, పిల్లకి బలమని తనే చిక్కగా కాచి తెచ్చింది. గోడ పట్టుకుని లేచి, కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటున్న భర్త దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ. దుర్గ పొద్దున పాలు తాగింది. ఆపించండి."

ఏడుకొండలు తలెత్తి చూశాడు. అంత నిదానంగా ఆయన ఎప్పుడూ చూడలేదు. "మళ్ళీ మొదలుపెట్టావా?"

"నిజవండీ. నేనే ఇచ్చా. మీరు కిందికెళ్ళినప్పుడు."

"పోయినసారి జ్వరం కూడా నిజమే అన్నావు. పోయి కూచో. పిల్లని ఇంకోసారి ఏడిపించావంటే నేనూరుకోను."

ఇలా అంటాడని ఆవిడకి తెలియాల్సింది. తెలియలేదు. నిజం చెబితే నమ్ముతారని, మనకందరికీ ఉండే వెర్రి నమ్మకమే ఆవిడకీ ఉంది. తలుపు దగ్గరికి పోయి కొట్టింది. నర్సు సందులోంచి చూసింది, విసుక్కుంది, విన్నది, లోపలికి పోయింది. కాసేపటికి తిరిగొచ్చింది.

"అమ్మాయినడిగానమ్మా. పాలు తాగితే ఇవాళ ఆపరేషన్ ఉండదని చెప్పి మరీ అడిగా. తాగలేదంటోంది."

పిల్ల అబద్ధం చెబుతోంది. ఏడాదిన్నర కాచుకున్న రోజు కోసం, ప్రాణం పోతుందని తెలియక, తల్లి నేర్పిన అబద్ధమే చెబుతోంది. చౌడేశ్వరి మరి ఆలోచించలేదు. నర్సుని పక్కకి నెట్టి లోపలికి పోయింది. వెనక ఎవరో కేకేశారు.

లోపల చలి. గోడవారగా స్ట్రెచర్ మీద శ్రీదుర్గ. చేతికి సూది. తలదగ్గర హెలెన్‌గారు, పక్కన లక్ష్మీకాంత్‌గారు. వెనకాలే ఏడుకొండలు పరుగెత్తుకొచ్చి, చేతులు జోడించి, "ఏమీ అనుకోకండి సార్, ఈవిడకి ఈ ఆపరేషన్ ఇష్టం లేదు, ఆపడానికి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది," అన్నాడు. లక్ష్మీకాంత్‌గారు తల పంకించాడు. ఆయనకి జ్వరం ఫోన్ గుర్తుంది కదా.

హెలెన్‌గారు మాత్రం చౌడేశ్వరి ముఖంలోకి చూసింది. "అమ్మాయి చదువుకున్న పిల్ల, మేజరు. తాగలేదని రెండుసార్లు చెప్పింది. తాగానని ఒక్కసారి అంటే చాలు, ఆపేస్తాను. మాట్లాడండి. లోపల నా మందులు సర్దుకుని వస్తాను."

చౌడేశ్వరి కూతురి మీదికి వంగింది. "దుర్గా. నా చేత్తో ఇచ్చానే."

శ్రీదుర్గ పైకప్పు వంక చూస్తోంది. "నేనేం తాగలేదు."

"మత్తులో పైకొచ్చి ఊపిరి ఆగిపోద్దంట. బయట ఒకావిడ చెప్పింది."

"ఆవిడ చెప్పింది, బల్లి చెప్పింది, కల చెప్పింది. అమ్మా, నీకు కావాల్సింది ఇది ఆగడం. ఇంకోసారి ఆగితే నేను బతకలేను. నాకీ ముఖంతో ఇంటికి రావాలని లేదు."

ఆ మాట చౌడేశ్వరికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఏడాదిన్నరగా దాచుకున్నది ఇక ఆగలేదు.

"ఆగాలనే కోరుకున్నా. నిన్నటిదాకా చౌడమ్మ తల్లికి అదే మొక్కుకున్నా. ఎందుకో తెలుసా? ఆ కంప్యూటర్‌లో 'ముందు' అని పెట్టిన బొమ్మ నీది కాదు దుర్గా, నాది. నీ వయసులో నా ముఖం అచ్చం అదే. అది తప్పు, సరిచెయ్యాలి అని ఆయనంటే నువ్వు తలూపావు. నన్నే వద్దన్నావనిపించింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేక బల్లి మీదా, ఆషాఢం మీదా పెట్టా."

శ్రీదుర్గ కళ్ళు మొదటిసారి తల్లివైపు తిరిగాయి.

"పోనీ ఆ దవడ. కోయించుకో. నేనే తీసుకొస్తా, నేనే సంతకం పెడతా. నాలా ఉండకపోయినా ఫర్లేదు. నువ్వుంటే చాలు. ఇవాళొక్కటీ వద్దు."

శ్రీదుర్గ తల్లినే చూస్తోంది. కళ్ళనీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. హెలెన్‌గారు తిరిగొచ్చి, "అయిందా?" అంది. శ్రీదుర్గ కళ్ళు మళ్ళీ పైకప్పు వైపు తిరిగాయి. నర్సు చౌడేశ్వరి భుజాలు పట్టుకుని బయటికి నడిపించింది. స్ట్రెచర్ చక్రాలు కదిలిన చప్పుడు వినిపించింది. తలుపు మళ్ళీ మూసుకుంది.

ఆవిడ బెంచీ దాకా పోలేదు. తలుపు పక్కనే నేలమీద కూలబడింది. లోపల చప్పుడేమీ లేదు. ఇప్పుడు మందు ఎక్కిస్తున్నారు, ఇప్పుడు పిల్ల కళ్ళు మూసింది, ఇప్పుడు పొట్టలో పాలు కదిలాయి అని ఒక్కొక్కటీ కళ్ళకి కడుతోంది. తన చేత్తో కాచింది, తన చేత్తో పోసింది. చౌడమ్మ తల్లీ, నేను ఆపమంది ఇలా కాదు, ఇలా కాదు అని అనుకుంటూనే ఉంది. మార్త వచ్చి ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏడుకొండలు ఎదురుగా నిలబడి భార్యనే చూస్తున్నాడు. నాటకమాడే మనిషి ఒళ్ళు ఇలా వణకదని అప్పటికి అర్థమైందేమో, ఆయన కూడా తలుపు దగ్గరికి వచ్చాడు.

తలుపు తెరుచుకుంది. హెలెన్‌గారు టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"మత్తు మాస్కు పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. గ్లాసుడు పాలు, రెండు అరటిపళ్ళు అని చెప్పింది."

అరటిపళ్ళ సంగతి ఆ కంగారులో చౌడేశ్వరే మర్చిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

"ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే మత్తు ఎక్కించేసేదాన్ని. ఎక్కించాక..." అని హెలెన్‌గారు ఆపేసింది. "ఫాస్టింగంటే ఏమిటో మావాళ్ళు విడమర్చి చెప్పాల్సింది. తప్పు మాది కూడా."

ఏడుకొండలు భార్య పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

శ్రీదుర్గని బయటికి తీసుకొచ్చారు. ముఖం అలాగే ఉంది, ముందుకి పొడుచుకొచ్చిన ఆ గడ్డమే. మాస్కు లేదు. కావాలని ఆమె అడగలేదు కూడా. తల్లి కొంగు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఊపిరి ఆగిపోతుందని నువ్వన్నది నిజమేనని నాకు తెలుసమ్మా. తెలిసే కాదన్నా," అంది. ఆ మాట విని చౌడేశ్వరికి కొత్తగా ఇంకోసారి ఒళ్ళు జలదరించింది.

లక్ష్మీకాంత్‌గారు వచ్చి, సర్జన్ మళ్ళీ వచ్చే నెల వస్తారని చెప్పాడు. ఆ మాట ఏడుకొండలుతో కాదు, చౌడేశ్వరితో చెప్పాడు. "తీసుకొస్తారా అమ్మా?"

అందరూ ఆవిడవైపే చూస్తున్నారు. కొంగుమీద శ్రీదుర్గ పట్టు బిగిసింది. పోయినసారి ఆపడానికి అబద్ధం ఉంది, ఇవాళ నిజం ఉంది. వచ్చే నెల ఏదీ ఉండదు. కడుపు ఖాళీగా ఉన్న పిల్లని ఆ తలుపులోంచి పంపి, బయట కూచుని, లోపల కోస్తుంటే ఊరుకోవాలి. అంత భయం ఆవిడకి ఇవాళ కూడా వెయ్యలేదు.

"తీసుకొస్తానండీ," అంది చౌడేశ్వరి.