కంకిపాడు లైను

"స్తంభం మీంచే మాట్లాడుతున్నా జక్కయ్యా. వినపడతందా?"

"వినపడతంది. చెప్పు అబ్రహాం."

బెజవాడలో ఏలూరు కాలవ గట్టున డెల్టా టెలిఫోన్ కంపెనీ వారి ఇంజినీరింగ్ సెంటరు. అందులో టెస్టు బోర్డు ముందు కూర్చుని ఉన్నాడు జక్కయ్య. పన్నెండేళ్ళుగా అదే కుర్చీ. డెల్టాలో ఏ ఊరి ఫోను మూగబోయినా మొదట తెలిసేది అతనికే. బోర్డు మీద ముల్లు కదలికను బట్టి తీగ ఎన్ని మైళ్ళ దూరాన చెడిందో కనిపెట్టి, అక్కడికి లైన్‌మన్‌ని పంపుతాడు. ఆ పొద్దున అబ్రహాముని కంకిపాడు పంపింది కూడా అతనే.

"ఇది ఊగుతంది జక్కయ్యా. అడుగంతా పుచ్చింది. దిగిపోనా?"

జక్కయ్య వెనక చీఫ్ ఇంజినీరు పాండురంగయ్య నిలబడి ఉన్నాడు. ఉదయం నుంచి కంకిపాడు మిల్లు యజమానికి మద్రాసు కాల్ దొరకడం లేదు. ఆ మిల్లు యజమాని కంపెనీలో వాటాదారు.

"ముందు జాయింటు వెయ్యమను. దిగటం తర్వాత," అన్నాడు పాండురంగయ్య.

"వేసేసి దిగు అబ్రహాం," అన్నాడు జక్కయ్య.

తర్వాత చెవిలో పెళపెళమని చప్పుడు. ఒక కేక. మళ్ళీ ఏమీ లేదు. ముల్లు సున్నా దగ్గర ఆగిపోయింది.

వేసేసి దిగు. ఆ మాట అన్న నోరు తనది.

మర్నాడు గుణదలలో అబ్రహాముని పాతిపెట్టారు. అతని భార్య మార్త కూడా సెంటర్లోనే పని. బ్యాటరీ గదిలో జాడీలకు నీళ్ళు పోస్తుంది. యాసిడ్ చిందిన మచ్చలు రెండు చేతుల నిండా ఉంటాయి. సమాధి దగ్గర ఆమె ఏడవలేదు. జక్కయ్యని చూసి, "అన్నయ్యా, దిగుతానని అన్నాడా?" అని మాత్రం అడిగింది.

"అన్నాడు."

"మరి?"

జక్కయ్య గుప్పెడు మట్టి తీసి సమాధి మీద వేశాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

సెంటరుకు రాగానే పాండురంగయ్య కబురు పెట్టాడు. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. లైన్‌మన్ తాగి ఉన్నాడనీ, నడుముకి బెల్టు పెట్టుకోలేదనీ రాసి ఉంది. కింద సాక్షి సంతకానికి ఖాళీ.

"ఆ స్తంభం పుచ్చిందని నేను మూడుసార్లు రాసిచ్చానండీ," అన్నాడు జక్కయ్య.

"ఇచ్చావు. డెల్టా అంతా కలిపి అట్లాంటివి ఆరువందలున్నయ్. అన్నీ మారిస్తే కంపెనీకి మిగిలేదేంటి? ఎక్స్చేంజీ ఒక్కో ఫోను కాలూ కలిపి సంపాదిస్తది. దాన్ని ఖర్చుపెట్టేది ఈ సెంటరు. ఇక్కడ తగ్గించిందే అక్కడ లాభం. నలభై మంది లైన్‌మన్లని ఇరవైరెండుకి దింపానని మొన్న మీటింగులో వాటాదార్లు నాకు చప్పట్లు కొట్టారు. సంతకం పెట్టు."

జక్కయ్య కలం అందుకోలేదు. ఇన్నాళ్ళూ తను లైన్లు బాగుచేయిస్తున్నాననుకున్నాడు. పుచ్చిన కర్రల మీదికి మనుషుల్ని ఎక్కించి ఆ చప్పట్లు నిలబెడుతున్నాడన్నమాట. కాగితాన్ని బల్ల అవతలికి తోశాడు.

"పెట్టనండి," అని బయటికొచ్చాడు.

ఆ మధ్యాహ్నమే స్తంభాల దొడ్లో అందరూ చేరారు. లైన్‌మన్లు, మెకానిక్కులు, బ్యాటరీ గది ఆడవాళ్ళు. జక్కయ్య కాగితం సంగతి చెప్పగానే వెంకటప్పయ్య లేచాడు. అతను అబ్రహాముతో కలిసి పనిచేసిన లైన్‌మను.

"తాగాడా? గుడి మెట్లెక్కినట్టు ఎక్కేవాడు స్తంభం! ఎక్స్చేంజీ తగలెడదాం పదండి!"

"తగలెడితే తుపాకులొస్తయ్," అన్నాడు ముసలి మేస్త్రి చౌడయ్య. "మన మీద కేసులు పెట్టి, కొత్తోళ్ళని తెచ్చుకుంటారు."

"అయితే నోరు మూసుకుని మళ్ళీ ఎక్కుదామా మేస్త్రీ? రేపు ఎవడి వంతు? నీదా?"

ఒకర్నొకరు తోసుకునేదాకా వచ్చింది. అప్పుడు జక్కయ్య స్తంభాల కుప్ప ఎక్కి నిలబడ్డాడు.

"తగలెట్టక్కర్లేదు. నేను చెప్తా వినండి. రోజుకి పాతిక లైన్లు వాటంతటవే చెడతయ్. గాలికి, వానకి, పుచ్చుకి. మనం బాగుచేస్తున్నాం కాబట్టి ఎవరికీ తెలవట్లా. ఒక్క వారం చేతులు కట్టుకు కూచోండి. కంపెనీ దానంతటదే చస్తది."

చౌడయ్య మెల్లగా తల ఊపాడు. "ఆస్పత్రి లైను మాత్రం చూద్దాం. మిగతావి వద్దు."

"ఏం అడుగుదాం మరి?" అన్నారెవరో.

"పుచ్చిన స్తంభాలన్నీ మార్చాలి. తీసేసినోళ్ళని పెట్టుకోవాలి. అబ్రహాం తాగలేదని రాసివ్వాలి," అన్నాడు జక్కయ్య.

మార్త లేచింది. "ఇంకోటుంది. ఆ ఇంజినీరు కంకిపాడు రావాలి. మా ఆయన ఎక్కిన దానిలాంటి స్తంభం ఎక్కాలి. జనమంతా చూడాలి."

ఎవరూ నవ్వలేదు. ఎక్కాలి, ఎక్కాలి అని దొడ్డంతా మోగింది.

సమ్మె మూడో రోజుకి ఉయ్యూరు లైను పోయింది. నాలుగో రోజు ఈదురుగాలికి గుడివాడ, కైకలూరు ఒకేసారి పోయాయి. మద్రాసు నల్లబజారు బియ్యం ధర ఫోనులో ముందుగా తెలుసుకుని రైతుల దగ్గర వడ్లు చవగ్గా కొనే మిల్లర్లు గుడ్డివాళ్ళయ్యారు. కంపెనీ గుమ్మం ముందు కార్లు ఆగాయి. చప్పట్లు కొట్టిన వాటాదార్లే పాండురంగయ్య మీద విరుచుకుపడ్డారు. కిటికీ బయట నిలబడి ఆ అరుపులు విన్న జక్కయ్యకి మనసు చల్లబడింది. అయినా చాలలేదు. ఇంకా వినాలనిపించింది.

ఎనిమిదో రోజు పాండురంగయ్య పైఊళ్ళ నుంచి పదిమంది కొత్త లైన్‌మన్లనీ, పోలీసు లారీనీ వెంటబెట్టుకుని కంకిపాడు వచ్చాడు. కబురు తెలిసి అప్పటికే సమ్మెదార్లంతా అక్కడున్నారు. వరి కోతల కూలీలు కొడవళ్ళతో సహా గట్టు మీదికి వచ్చారు. మార్త కొత్తవాళ్ళకు విరిగిన స్తంభం మొదలు చూపించింది. వేలితో నొక్కితే చెక్క పొడిపొడిగా రాలింది.

"మా ఆయన దీని మీంచే పడ్డాడు. పక్కదీ ఇంతే. ఎక్కండి నాయనా, ఎక్కేవాళ్ళుంటే."

కొత్తవాళ్ళు మొహాలు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు బెల్టు విప్పి నేల మీద పడేశాడు.

"స్తంభం గట్టిదే! ఎక్కండిరా!" అని అరిచాడు పాండురంగయ్య.

"గట్టిదైతే నువ్వెక్కు!" అంది మార్త.

"నువ్వెక్కు!" అంది గట్టంతా.

జనం తోవ ఇచ్చారు, స్తంభం దాకా. వెనక్కి తోవ లేదు. ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు పాండురంగయ్య. లైను బాగవుతుందేమోనని వచ్చిన మిల్లు యజమాని కారులోంచి, "ఒక్క మెట్టెక్కి చూపించి దిగవయ్యా!" అన్నాడు. పాండురంగయ్య చెయ్యి వేసి, కాలు ఆనించాడు. స్తంభం మొదలంటా కదిలింది. అతను కాలు లాగేసుకుని వెనక్కి దూకాడు.

"ఇదెక్కితే చస్తాను!"

"ఆ మాటే కావాలి మాకు," అన్నాడు జక్కయ్య. "ఇన్‌స్పెక్టరుగారూ, విన్నారుగా? రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు రాసుకోలేదు. జక్కయ్యకీ, మార్తకీ బేడీలు వేసి లారీ ఎక్కించాడు. వెంటనే కూలీలు లారీ ముందు కూర్చున్నారు. సమ్మెదార్లు లారీ వెనక కూర్చున్నారు. కొత్త లైన్‌మన్లు కూడా వచ్చి వాళ్ళ పక్కన చేరారు. పదిమంది పోలీసులు, వెయ్యిమంది జనం. ఇన్‌స్పెక్టరు పరుగున ఊళ్ళో ఠాణాకి వెళ్ళి, పరుగున తిరిగొచ్చాడు.

"బెజవాడకి ఫోను పోవటం లేదు! బలగం కావాలి! ఏయ్, లైను బాగుచెయ్యి!"

జక్కయ్య బేడీలు వేసిన చేతులు పైకెత్తి చూపించాడు.

"ఖైదీనండి. డ్యూటీలో లేను."

మార్త నవ్వింది. మొగుడు పోయాక అదే మొదటిసారి. చేసేది లేక ఇన్‌స్పెక్టరు ఒక కానిస్టేబుల్‌ని సైకిల్ మీద బెజవాడ పంపాడు. పది మైళ్ళు, ఎదురుగాలి. అతను కనుమరుగయ్యేలోపే పొలాల గట్ల మీంచి మరో ఊరి జనం బారులు తీరి వస్తూ కనిపించారు.