పెద్దమ్మకు విశ్రాంతి

ఎవరడిగినా "బాగానే ఉన్నాం" అనడం పెద్దమ్మకు అలవాటు. చెల్లెలు పోయాక దాని కూతుర్ని తెచ్చుకుని పెంచుతున్నప్పటి నుంచీ అదే మాట. పిల్లకు ఆవిడ పెట్టుకున్న పేరు పిచ్చుక.

పిల్లల సంక్షేమ కార్యాలయం తరఫున, పెంచేవాళ్ల ఒత్తిడి ఎంతో కొలవడానికి సర్వే అమ్మాయి వచ్చింది. వంటగదిలో స్టూలు లాక్కుని కూర్చుని, తనూ బీన్స్ ఈనెలు తీసింది.

"నన్ను చెల్లెలనుకోండక్కా. ఇది మన మధ్యే ఉంటుంది. కష్టం తెలిస్తేనే కదా సాయం అడగ్గలను."

చెల్లెలు అనేసరికి పెద్దమ్మ కరిగిపోయింది. నిద్ర పట్టడం లేదా, ఊరికే ఏడుపొస్తోందా, అన్నిటికీ అసలు లేకపోతే సున్నా నుంచి ఎప్పుడూ ఉంటే నాలుగు దాకా చెప్పాలి. పిల్లను ఎందుకు తెచ్చుకున్నానా అనిపించిందా అన్నది చివరి ప్రశ్న.

"పిచ్చుక అన్నం పళ్లెం విసిరికొట్టినప్పుడు అనిపించింది. మూడు వేసుకో. నాలుగంటే మరీ బావుండదు" అని నవ్వింది పెద్దమ్మ.

తర్వాత కార్యాలయంలో జరిగిన సమీక్షలో పెద్దమ్మ ముందే అధికారి ఆ మూడూ, ఆ పళ్లెం సంగతీ పైకి చదివాడు. సర్వే అమ్మాయి తలెత్తలేదు. పిల్లను కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచితే పెద్దమ్మకు విశ్రాంతిగా ఉంటుందని తేల్చారు.

"తలనొప్పి అంటే తల తీసేస్తారా?" అంది పెద్దమ్మ. ఎవరూ నవ్వలేదు.

బట్టలు సర్దుకుంటూ పిచ్చుక ఒక్కటే అడిగింది. "పళ్లెం సంగతి వాళ్లకెందుకు చెప్పావు పెద్దమ్మా?"

నెల తర్వాత సర్వే అమ్మాయి మళ్లీ వచ్చింది. పెద్దమ్మ ముందుగదిలోనే కుర్చీ చూపించింది. పిల్ల లేని ఇంట్లో ఆవిడకు కంటిమీద కునుకు లేదు. అయినా ఒత్తిడి తగ్గిందంటేనే పిల్లను పంపుతారనుకుని, అన్నిటికీ సున్నా చెప్పింది. నిద్ర సంగతి అడిగితే, పడుకుంటే తెల్లారడమే అంది.

సర్వే అమ్మాయి మొహం వెలిగింది. "చూశారా, పిల్ల వెళ్లాక ఎంత కుదుటపడ్డారో. ఈ ఏర్పాటు ఇంకో ఆర్నెల్లు పొడిగించమని రాస్తాను."

అబద్ధమాడానని ఒప్పుకుంటే ఒత్తిడి ఉన్నట్టు. ఒప్పుకోకపోతే పిల్ల లేకుంటేనే సుఖపడ్డట్టు.

"ఏ అంకె చెబితే నా పిల్ల ఇంటికొస్తుందో నువ్వే చెప్పు."

"అలా నేను చెప్పకూడదమ్మా" అంది సర్వే అమ్మాయి, కలం పట్టుకునే. "మీరు నిజమే చెప్పాలి."