అద్దం తలుపు, చెక్క తలుపు

“లోపల ఉన్నావా, అటునుంచటే బ్యాంకుకి వెళ్ళిపోయావా?” అంటూ మొగుడు జయదేవ్ బాత్రూము తలుపు తట్టకపోతే మైథిలికి తెల్లారినట్టే ఉండదు. సాల్ట్ లేక్‌లో వాళ్ళది పాత ఫ్లాటు, నలుగురికీ ఒకటే బాత్రూము. ఆవిడ కుక్కరు దింపి, డబ్బాలు సర్ది, స్నానానికి వెళ్ళి గడియ వేసుకునేసరికి ఇంటిల్లిపాదికీ ఆవిడతో పని గుర్తొస్తుంది. జయదేవ్‌కి మేజోళ్ళు కనపడవు. కాలేజీకెళ్ళే కూతురు సమీరకి చార్జరు కనపడదు. అత్తగారు జయలక్ష్మిగారైతే, “మా కోడలు నీళ్ళల్లోకి దిగిందంటే గంగాస్నానమేనమ్మా” అని ఫోనులో ఎవరికో చెబుతూ ఉంటారు.

మైథిలి అప్పుడు కుళాయి ఇంకాస్త తిప్పుతుంది. బయటికొచ్చాక “నీళ్ళ చప్పుడుకి వినపళ్ళేదు” అంటుంది. పచ్చి అబద్ధం. రోజూ ఆడుతుంది, కించిత్తు పశ్చాత్తాపం కూడా లేదు. ఎందుకుండాలి? భవానీపూర్‌లో తను పనిచేసే బ్యాంకులో ఆడవాళ్ళ బాత్రూము నిండా పాత ఫైళ్ళు పేర్చారు. గడియ ఎప్పుడో ఊడిపోయింది, ఒక చేత్తో తలుపు పట్టుకునే ఉండాలి. చెప్పబోతే మేనేజరు, “చిన్న విషయం మేడమ్, సర్దుకోండి” అని మరో పని చేతికిచ్చాడు. ఇంట్లో చూస్తే వంటింటికి తలుపే లేదు. పడగ్గది తలుపు వేసుకుంటే, “ఏం, ఒంట్లో బాగోలేదా?” అంటారు. ఎవరికీ జవాబు చెప్పుకోకుండా తలుపు వేసుకోగలిగిన చోటు ఆ బాత్రూమొక్కటే. అలాగని అక్కడ ఆవిడ చేసే ఘనకార్యం ఏమీ లేదు. మగ్గు బకెట్లో వదిలేసి, కిటికీలోంచి ఆకాశం కేసి చూస్తూ కాసేపు నించుంటుంది. ఎవరికీ అమ్మ కాదు, ఎవరికీ మేడమ్ కాదు. ఎంత సుఖమో అది!

అందుకే బాత్రూము కొత్తగా చేయిద్దామని జయదేవ్ అన్నప్పుడు అందరికంటే ముందు సంబరపడింది ఆవిడే. శనివారం భవానీపూర్ షాపులో వరసగా నిలబెట్టిన, బాత్రూము లోపల షవర్ చుట్టూ బిగించే అద్దం తలుపులు చూసి మురిసిపోయింది కూడా. పక్కకి జరిగేవీ, బయటికి తెరుచుకునేవీ, గీతల అద్దాలూ, మసక అద్దాలూ, అసలు అద్దం ఉందో లేదో తెలియనంత తేటవీ. బెంగాలీ షాపతను “దాదా, దాదా” అని అన్న వరస కలుపుతూ జయదేవ్‌కే అన్నీ చూపించాడు. మరకలు ఏ గుడ్డతో తుడవాలో చెప్పాల్సొచ్చినప్పుడు మాత్రం “బౌది” అని వదిన వరసతో ఇటు తిరిగాడు. కొనేది దాదా, తుడిచేది బౌది అని అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మైథిలికి నవ్వొచ్చింది. పోన్లే, తేట అద్దమైతే లోపల్నుంచి కూడా కిటికీ కనపడుతుంది కదా అనుకుంటూ దాన్నే వేలితో తడిమి చూసింది.

జయదేవ్ మసక అద్దం ముందు ఆగాడు.

“ఇది పెట్టించేద్దాం మైథిలీ. నువ్వు లోపల స్నానం చేస్తుంటే ఇవతల నేను గడ్డం గీసుకోవచ్చు, అమ్మ మొహం కడుక్కోవచ్చు. ఇంక బయట తలుపుకి గడియతో పనేటి? ఏదైనా కావాలన్నా అక్కడే అడిగేయొచ్చు నిన్ను.”

అతను చెడ్డవాడేం కాదు. మంచి ఉపాయం తట్టిందని మొహం వెలిగిపోతోంది, పైగా అది ఆవిడ మర్యాద కోసమే అనుకుంటున్నాడు. మసక అద్దం వెనకాల తనూ, ఇవతల మేజోళ్ళూ చార్జర్లూ కుక్కరు విజిళ్ళూ. ఒళ్ళు దాగుతుంది, నిజమే. తను ఎక్కడ దాగాలి? అద్దానికి అటుపక్క నించుని అడుగుతుంటే వినపళ్ళేదని ఎలా అంటుంది? పెళ్ళైనప్పట్నుంచీ “సరే” అనడానికి అలవాటుపడ్డ నోరు అలవాటుగానే తెరుచుకోబోయింది. ఇవాళ సరే అంటే మళ్ళీ ఎప్పటికీ ఆ కాసేపు తనకి ఉండదు. అది తెలిసి మైథిలి నోరు మూసుకుంది. తరవాత షాపతని వైపు తిరిగి, తేట అద్దమే రాసుకోమని బెంగాలీలో చెప్పింది.

జయదేవ్ తెల్లబోయాడు. “అదేటి? అందులోంచి అంతా కనపడిపోతుంది కదా. మరి మేం లోపలికి ఎలా వస్తాం?”

“రారు” అంది మైథిలి. కోపంగా అనలేదు. తన గొంతు తనకే హాయిగా వినిపించింది. “నేను స్నానం చేస్తున్నంతసేపూ బయట చెక్క తలుపు గడియ వేసే ఉంటుంది. లోపల ఉండేది నేనొక్కదాన్నే అయితే, మసక అద్దం ఎవరి కోసమండీ?”