డ్రమ్ములో తొమ్మిది వారాలు

నేను ఒక రాయిని. అలాగని కొండ పగిలితే పుట్టినదాన్ని కాదు. భీమిలిలో పోలమ్మ అనే ఆవిడ తన పెరట్లో సిమెంటు, పొడిచేసిన గుల్లలు, కల్లుప్పు కలిపి ముద్ద చేస్తే పుట్టాను. ఉప్పెందుకంటే, నీళ్ళలో వేశాక అది కరిగిపోయి ఒంటినిండా బొక్కలు మిగులుతాయి. సిమెంటు ఘాటు పోయేదాకా రెండు నెలలు మంచినీళ్ళలో నానబెట్టాక, ఆమె భర్త ఎల్లాజీ నన్ను తాడుకట్టి సముద్రంలోకి దించాడు. అక్కడ ఏడాది ఉన్నాను. నాచు పట్టింది, పురుగులు కాపురం పెట్టాయి, వీపు మీద గులాబిరంగు పొర ఒకటి పాకింది. కంటికి కనపడని సూక్ష్మజీవులైతే బొక్కబొక్కకీ చేరాయి. ఇలా తయారైన నన్ను మనుషులు ప్రాణమున్న రాయి అంటారు. ఉప్పునీటి చేపల్ని ఇంట్లో పెంచుకునేవాళ్ళకి నేను లేనిదే కుదరదు. చేపల మురికి విషం కాకుండా చూసేది నాలో ఉన్న ఆ సూక్ష్మజీవులే.

నన్ను ఎంచుకున్నది విశాఖలో ఫిజిక్స్ లెక్చరరు విద్యాధరరావు. బజారులో వంకాయకి చిన్న బొక్క కనపడితే పక్కన పడేసే మనిషి, నా బొక్కలు చూసి మురిసిపోయాడు. చేత్తో ఎత్తి, తేలిగ్గా ఉన్నానని మరీ సంబరపడ్డాడు.

“ముక్కెట్టి సూడు బాబూ. సముద్రం వాసనే రావాల, కుళ్ళు వాసన రాకూడదు” అంది పోలమ్మ. ఆయన కళ్ళజోడు తీసి మరీ వాసన చూశాడు.

“దార్లో కొన్ని పురుగులు సచ్చిపోతాయి. ఇంటికెల్లాక కంపు కొడతాది. అదంతా పోయేదాకా సేపల్ని ఎయ్యకు. తొందరపడ్డావంటే అవి బతకవు” అని కూడా చెప్పింది.

ఆ సంగతి ఆయనకి కొత్త కాదు. కిందటేడు భార్య అరుంధతి ముచ్చటపడి ఎంచుకున్న రెండు నారింజరంగు చేపల్ని, చుట్టాలొస్తున్నారని, రాళ్ళు తెచ్చిన మూడో రోజునే తొట్టెలో వదిలాడు. “ఏం కాదులే, నేను చూసుకుంటాగా” అన్నాడట. చుట్టాలు టిఫిన్లు తిని మెచ్చుకుని వెళ్ళారు. వారం తిరక్కుండానే చేపలు పైకి తేలాయి. ఆవిడ కేకలెయ్యలేదు. ఆయన మాట మీద నమ్మకం మాత్రం పోయింది. గాజుతొట్టె ఉన్న గదిలోకి రావడమే మానేసింది. ఆ నమ్మకాన్ని తిరిగి తెచ్చుకుందామనే ఆయన నన్నూ, నా తోటి రాళ్ళనూ తెచ్చుకున్నాడు.

మా కాపురం బాత్రూములో నీలం డ్రమ్ములో. ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళు తిప్పడానికి చిన్న మోటారు, వెలుతురు పడి నాచు పెరగకుండా ఒక మూత. వారానికోసారి బయటికి తీసి, చచ్చినవన్నీ పాత టూత్‌బ్రష్షుతో తోమి, ఉప్పునీళ్ళలోనే కడిగేవాడు. కుళాయినీళ్ళు తగిలితే నాలో మిగిలిన ప్రాణం కూడా పోతుంది. మొదటి మూడు వారాలు నేను కొట్టిన కంపు చెప్పుకోవాలంటే నాకే సిగ్గు. అరుంధతి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని స్నానానికి వెళ్ళేది గాని ఒక్క మాట అనేది కాదు. అననందుకు ఆయన మరీ కుంగిపోయేవాడు.

ఆరో వారానికి కంపు పోయింది. కాని ముక్కుని నమ్మితే చాలదు. గాజుగొట్టంలో మా నీళ్ళు కాసిని పోసి మందుచుక్కలు వెయ్యాలి. పసుపుగా ఉంటే చేపలకి భయం లేదు. ఆకుపచ్చగా మారితే అమ్మోనియా అనే విషం ఇంకా ఉన్నట్టు. ఆ ఆదివారం వాళ్ళ పెళ్ళిరోజు. విద్యాధరరావు పొద్దున్నే షాపుకి వెళ్ళి, నీళ్ళసంచిలో రెండు చేపల్ని తెచ్చి, బాత్రూము ఎదుట వరండాలో పెట్టి, అప్పుడొచ్చి గొట్టం పట్టుకున్నాడు. బాత్రూములో ఉన్నది పాతకాలపు పసుపు బల్బు. దాని కింద గొట్టం ఎత్తిపట్టి, “పసుపే. వచ్చి చూడు, పసుపే” అని భార్యని పిలిచాడు. వెలుగు గురించీ రంగుల గురించీ ఇరవై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్న మనిషి. ఆశ పుట్టాక చదువు ఏ మూలకి పోతుందో ఆ రోజు చూశాను.

అరుంధతి గొట్టం అందుకుని వరండాలో ఎండలోకి నడిచింది. ఎండలో ఆ నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. పక్కనే సంచిలో చేపలూ ఆవిడకి కనపడ్డాయి.

“ఇదేం రంగండీ?” అంది మెల్లగా.

ఆయన గొట్టం అందుకుని ఎండకి ఎత్తి చూశాడు. “ఆకుపచ్చ” అన్నాడు చివరికి.

వెంటనే స్కూటరు తీసి చేపల్ని షాపులో అప్పగించి వచ్చాడు. ఆ తర్వాత రోజూ గొట్టం పట్టుకుని తిన్నగా ఎండలోకే వెళ్ళేవాడు. “ఇవాళా ఆకుపచ్చే” అని ఎవరూ అడక్కుండానే వంటింట్లోకి వినపడేలా చెప్పేవాడు. ఎనిమిదో వారంలో ఆయన నీళ్ళు మారుస్తుంటే ఆవిడ వచ్చి బకెట్టుకి ఒక చెయ్యి వేసింది.

తొమ్మిదో వారం నీళ్ళు పసుపుగా వచ్చాయి. మమ్మల్ని గాజుతొట్టెలోకి మార్చి, అక్కడి నీళ్ళు మళ్ళీ రెండు రోజులు చూశాడు. మూడో రోజు ఆవిడని ఆ గదిలోకి పిలిచి గొట్టం చేతికే ఇచ్చాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి అటూ ఇటూ తిప్పి చూసింది.

“పసుపేనండీ.”

“అవును. అయినా ఇంకో వారం ఆగుదాం” అన్నాడాయన.

ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. ఆవిడా అనుకోలేదు కాబోలు, గొట్టం కిటికీలో పెట్టేసి ఆయనకేసి తిరిగింది.

“ఆగక్కర్లేదు. చెప్పులేసుకోండి, వెళ్ళి తెచ్చుకుందాం” అంది.

ఇద్దరూ కలిసి మెట్లు దిగుతున్న చప్పుడు వినపడింది. రాయిని కాబట్టి నాకు కన్నీళ్ళు రావుగాని, ఆ పూట చాలా సంతోషం వేసింది.