ఎదురింటి సంతకం

పొద్దున్నే మిషనుకి నూనె వేసి, కారిన నూనెని పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే వీధి తలుపు తియ్యడం టైలరమ్మకి అలవాటు. తలుపు తీస్తే ఎదురుగా మందుల షాపు, ఆవులిస్తూ షట్టరెత్తే షాపాయన కనిపించాలి. కొన్నాళ్ళుగా కనిపించడం లేదు, ఎందుకంటే ఆమె ఇల్లు తిరుగుతోంది. వానలు మొదలైనప్పుడు కాస్త పక్కకి మళ్ళి సందు వైపు చూసింది. వానలు వెలిసేసరికి సందు కూడా దాటేసింది. ఇవాళ తలుపు తీస్తే ఎదురుగా వెనక వీధి, ఆ వీధిలో సరిగ్గా అక్క ఇల్లు.

"తిరిగితే తిరిగావు, ఇక్కడే ఆగాలా?" అని గోడని కసురుకుని టైలరమ్మ తలుపు మూసేసింది.

అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఆస్తి తగాదా అయితే ఊరికి అర్థమయ్యేది. ఇది చొక్కా తగాదా. బావ జబ్బుపడి మంచానికీ కుర్చీకీ పరిమితమైన రోజుల్లో అక్క నీలం గుడ్డ ఒకటి కొని తెచ్చింది. ఆదికని, అంటే కొలత చూసుకోడానికి, బావ పాత చొక్కా కూడా ఇచ్చింది. టైలరమ్మ ఆ ఆది చొక్కా మడత కూడా విప్పలేదు. అప్పట్లో ఆమె వంటింటి కిటికీ వెనక వీధిలోకి ఉండేది. అందులోంచి చూస్తే అక్క ఇంటి కిటికీ, ఆ కిటికీ పక్క కుర్చీలో బావ. రోజూ చూసే మనిషి భుజాలు ఎలా కుంగుతున్నాయో, మెడ ఎంత సన్నబడిందో టేపు పెట్టకుండానే తెలిసిపోయింది. ఉన్న మనిషికి ఉన్నట్టు కుట్టి ఇచ్చింది.

చొక్కా విప్పి చూడగానే అక్క ముఖం మాడిపోయింది.

"పాత కొలతలకే కుట్టమన్నాను కదే! ఆయన మళ్ళీ ఒళ్ళు చేస్తాడు. చెయ్యడని నువ్వే తేల్చేశావా?"

తర్వాత బావ పోయాడు. టైలరమ్మ పలకరించడానికి వెళ్తే అక్క ఆమె వైపు చూడను కూడా చూడలేదు. టైలరమ్మ ఇంటికొచ్చి వంటింటి కిటికీకి అట్టముక్క కొట్టేసింది. ఆ రోజు నుంచి పట్టపగలు కూడా లైటు వేసుకునే వంట చేసుకుంటోంది.

ఇల్లు తిరిగిన సంగతి ఎంతకాలం చూసీచూడనట్టు ఊరుకునేదో గానీ, పోస్టుమేన్ ఊరుకోలేదు. "మీ ఇల్లు నాకు వీపు చూపిస్తోందమ్మా, ఉత్తరాలు చుట్టూ తిరిగి తెచ్చివ్వాలంటే నా వల్ల కాదు," అన్నాడు. పైగా ఈ నెలతో దుకాణం లైసెన్సు అయిపోతుంది. గుమ్మం ఏ వీధిలో ఉంటే ఆ వీధి చిరునామా కాగితం మీద ఉండాలి. లేదంటే మిషను మూలన పెట్టి బోర్డు దించుకోవాల్సిందే. కుట్టడం తప్ప ఇంకో పని రాని మనిషి, ఇష్టం ఉన్నా లేకున్నా మున్సిపాలిటీకి బయల్దేరింది.

"తిరిగిందా, జరిగిందా?" అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

"తిరిగింది."

"నయం. జరిగిన ఇళ్ళు పక్క కిటికీ. ఆ లైను చూశారుగా, మెట్లదాకా ఉంది. ఎటు నుంచి ఎటు తిరిగింది?"

"ముందు వీధి నుంచి వెనక వీధికి."

"ఇక ఆగినట్టేనా? మొన్నొకాయనకి కష్టపడి చిరునామా మార్చి ఇస్తే, ఆయన ఇంటికెళ్ళేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చింది."

"ఆగినట్టే ఉందండీ. తలుపులు కిర్రుమనడం మానేశాయి."

గుమస్తా సంతృప్తిగా తలాడించి ఫారం తోశాడు. కారణం అన్న చోట ఆమె పెన్ను ఆగిపోవడం చూసి, "అది వదిలెయ్యండి, ఇళ్ళ మనసులో ఏముందో మనకేం తెలుస్తుంది," అన్నాడు. ఆ మాట వినగానే ఆమెకి ప్రాణం కుదుటపడింది. వెంటనే ఇంకో మాట అన్నాడు.

"ఎదురింటివాళ్ళ సంతకం కావాలి. ఊరికే ఇంట్లో కూర్చుని పెడితే చెల్లదు. మీ గుమ్మంలో నిలబడి, వాళ్ళ ఇల్లు ఎదురుగా ఉందని చూసి, మా కొలతలాయన ముందే పెట్టాలి. రేపే పంపిస్తాను."

"పక్కింటివాళ్ళు పెడితే కుదరదా?"

"మీ గుమ్మం పక్కింటి వైపుందా?"

ఆ సాయంత్రం టైలరమ్మ వీధి దాటింది. నాలుగడుగుల వీధే, ఊరు దాటినంత పనైంది. అక్క తలుపు తీసి, తోబుట్టువుని ఎగాదిగా చూసింది.

"ఎవరు కావాలి?"

"ఎదురింటావిడ కావాలి," అంది టైలరమ్మ, ఉక్రోషం ఆపుకోలేక. "సంతకం పెట్టాలి."

"సంతకమే కదా. ఇలా పడెయ్."

"ఇక్కడ కాదు. రేపు పొద్దున మా గుమ్మంలో నిలబడి పెట్టాలట. పెట్టకపోతే దుకాణం మూతపడుతుంది. ఆపైన నీ ఇష్టం."

అక్క తలుపు వేసేసింది. తిరిగొస్తూంటే టైలరమ్మకి ఏడుపొచ్చింది.

మర్నాడు కొలతలాయన వచ్చాడు. ఆయన టేపు మీద అంకెలు అరిగిపోయి ఉంటే టైలరమ్మ తన టేపు ఇచ్చింది. గుమ్మం కొలిచాడు, వీధి కొలిచాడు, ఇచ్చిన టీ తాగాడు. సాక్షి జాడ లేదు. "రాకపోతే దరఖాస్తు కొట్టెయ్యాల్సిందేనమ్మా, నా చేతుల్లో ఏం లేదు," అని సంచీ భుజాన వేసుకుంటూ ఉండగా అక్క తలుపు తెరుచుకుంది.

అక్క గబగబా వచ్చి, చెల్లెలి ముఖం చూడకుండా గుమ్మమెక్కి, తన ఇంటి వైపు తిరిగింది.

"ఏం కనిపిస్తోందో చెప్పండమ్మా, రాసుకుంటాను," అన్నాడు కొలతలాయన.

"మా ఇల్లు. తలుపు. కిటికీ." అక్క కాస్త ముందుకి వంగి చూసింది. "కిటికీ పక్క కుర్చీ. కుర్చీ మీద దిండు. దిండు అంచు చిరిగింది."

"చాలు చాలు, తలుపు దగ్గరే ఆపొచ్చు," అన్నాడాయన. అక్క వినిపించుకోలేదు.

"ఇంత బాగా కనిపించేవాడా నీకు?" అంది. అన్నాళ్ళ తర్వాత చెల్లెలితో అన్న మొదటి సొంత మాట అదే.

"వంటింట్లోంచి ఇంకా బాగా కనిపించేవాడు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే నాకన్నా ముందు ఆయనే చూసి చేతులూపేవాడు."

అక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా కళ్ళ ముందే ఉన్న మనిషిని నేను చూడలేదే. నువ్వు చూశావు. అదే నాకు ఒళ్ళు మండింది," అంది. "ఆ నీలం చొక్కా దాచేస్తే వెతికి మరీ వేసుకున్నాడు. ఒంటికి పట్టింది ఇదొక్కటే, మిగతావన్నీ ఎవరివో తొడుక్కున్నట్టుందన్నాడు. ఉతికిచ్చేదాకా కూడా ఆగేవాడు కాదు. నీకు చెప్పాలనుకుంటూనే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

టైలరమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. కొలతలాయన టేపుని అక్కర్లేనంత నెమ్మదిగా చుట్టి, ఫారం ముందుకి జరిపాడు. అక్క సంతకం పెట్టింది. పెడుతున్నప్పుడు ఆమె చేతి గాజు మోచేతిదాకా జారడం, మెడ దగ్గర బట్ట వేలాడడం టైలరమ్మ కళ్ళబడింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చూపించబోయే ఒకసారి అక్కని పోగొట్టుకుంది. అందుకని మింగేసింది.

కొత్త చిరునామా కాగితం వచ్చింది, లైసెన్సూ వచ్చింది. బోర్డు వెనక వీధిలోకి మారింది. పొద్దున్నే మిషనుకి నూనె వేసి తలుపు తీస్తే ఎదురుగా కుర్చీలో అక్క. ఏ పూట టీ తాగి సరిపెడుతోందో, ఏ పూట పొయ్యే వెలిగించలేదో అన్నీ ఇక్కడికి తెలిసిపోతున్నాయి. టైలరమ్మ ఇద్దరికీ వండడం మొదలుపెట్టింది. గిన్నె పట్టుకెళ్తే అక్క వద్దన్నట్టు ముఖం పెట్టి, అడుగు కనిపించేదాకా తినేది.

ఒకరోజు అక్క గుడ్డముక్క ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, మిషను మీద పెట్టింది. "ఇంట్లో వేసుకోడానికి ఏదో ఒకటి కుట్టిపెట్టు," అంది.

"ఆది తేలేదే?" అంది టైలరమ్మ, అటూ ఇటూ చూసి.

"ఆదెందుకే? పొద్దస్తమానం నీ కళ్ళెదురుగానే ఉంటున్నాగా." అక్క గుమ్మం దాటబోయి ఆగింది. "కానీ కాస్త వదులుగా కుట్టు. ఒళ్ళు చేస్తాను."