అదౌతో మొదటి మాట

ఆ శనివారం పొద్దున అదౌతో చేతిలో ఉన్న ఆస్తి మూడు రకాలు. బెలో హొరిజాంచీ నడిబొడ్డున, పాత దుకాణాల సముదాయం రెండో అంతస్తులో ఒక ఇరుకు రికార్డుల కొట్టు. ఇప్పటికీ చక్కగా తిరిగే ఒక పాత రికార్డు ప్లేయరు. ఆ రెండిటికంటే ఖరీదైనది అతని మాట. ఆ ఊళ్లో త్రాష్ మెటల్ అనే మెరుపువేగపు రాక్ సంగీతం వినేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. కొత్త రికార్డు ఏదొచ్చినా శనివారం మధ్యాహ్నం అదౌతో కొట్లో పెట్టాలి. రెండు వైపులూ అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అయ్యాక మొదటి మాట అదౌతోది. మిగిలినవాళ్ళు కొట్టుకోవడం ఆ తర్వాతే.

ఆ వారం వచ్చింది బ్రోకా ప్రేతా వాళ్ళ రికార్డు. గనుల్లో రాయి తొలిచే నల్ల బరమా పేరు పెట్టుకున్న జట్టు అది. మీసాలు రాకముందు మొదలుపెట్టి, మనవల్ని ఎత్తుకునే వయసుకొచ్చారు. చాలా ఏళ్ల తర్వాత ఇదే కొత్తది. విడుదలకు వారం ముందు, ఫ్యాక్టరీ నమూనా కాపీని డ్రమ్మర్ ఒతసీలియో పాత స్నేహం కొద్దీ అదౌతోకు పంపాడు. నమూనా కాబట్టి మధ్యనున్న చీటీ తెల్లగా ఉంది. పేరు లేదు, అంకె లేదు. పెద్ద రికార్డు నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరుగుతుందని అదౌతోకి ఒకరు చెప్పాలా? ప్లేయరు వేగం మార్చే మీట సరిచూడకుండానే సూది దించాడు.

సంగీతం బురదలో దిగబడిన లారీలా కదిలింది. గాయకుడి గొంతు నూతి అడుగునుంచి వచ్చినట్టుంది. రెండో వైపు కూడా అయ్యాక అందరూ అతని వంక చూశారు. బాగుందంటే సగం మంది పోతారు, బాగాలేదంటే స్నేహితుడు పోతాడు. వ్యాపారి కాబట్టి తక్కెడ రెండు తట్టలూ సమంగా నిలిపే మాట వెతికాడు.

"వేగం తగ్గింది, లోతు పెరిగింది," అన్నాడు.

"నూతిలో పడితే ఎవడైనా లోతుకే పోతాడన్నా," అంది టైర్ల కొట్టు నడిపే మర్లూసియా. "మా దగ్గరికొచ్చే గాలిపోయిన టైర్లు ఇంతకంటే జోరుగా దొర్లుతాయి."

"నీకు ఉరుకులాట తప్ప పాట ఎక్కదు తల్లీ," అన్నాడు పళ్ళ డాక్టరు జెనివాల్. "వయసుకు తగ్గ సంగీతం ఇది. వింటూ నేను ఏడ్చాను, తెలుసా?"

"నీ కుర్చీలో కూర్చున్నవాళ్ళూ ఏడుస్తారు. అదీ సంగీతమేనా?"

కొట్టు రెండుగా చీలింది. ఎవరి నోట చూసినా అదౌతో మాటే: ఒకరికి దాని మొదటి సగం, ఇంకొకరికి రెండో సగం. చివరికి మర్లూసియా కౌంటరు మీది కత్తెర అందుకుంది. ఆమె డెనిమ్ చొక్కా వీపున బ్రోకా ప్రేతా పేరున్న బట్టబిళ్ళ పడుచుతనం నుంచీ ఉంది. బిళ్ళ కుట్టుకోవడం అంటే జట్టుకు మాట ఇవ్వడం. విప్పితే మళ్ళీ కుట్టకూడదు. ఆమె ఒక్కో పోగే తెంపి, బిళ్ళ మడిచి జేబులో పెట్టుకుంది. వెలిసిన బట్ట మధ్య ముదురు నీలం చదరం మిగిలింది. ఆమె వెనక మరికొందరు కత్తెర అడిగారు.

బుధవారం ఒతసీలియో ఫోన్ చేశాడు.

"నిదానం అంటున్నారటగా? ఒరేయ్, ఇంత వేగంగా మేమెప్పుడూ వాయించలేదురా. రోజూ మోచేతికి ఐసు పెట్టుకుని వాయించాను. ఈ కాలం చెవులకి మా పరుగు నడకలా వినిపిస్తోందేమో. మనవాళ్ళకే అలా అనిపిస్తే ఇంకెవరి కోసం? డిసెంబరు ప్రదర్శన వద్దనేస్తాం. డ్రమ్ము కర్రలు తెచ్చి నీ గోడకి తగిలిస్తా."

అదౌతో ఏదో ఓదార్చాడు కానీ ఆ పరుగు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

గురువారం అసలు రికార్డుల పెట్టెలు వచ్చాయి. పైదాన్ని విప్పాడు. చీటీ మీద నల్లటి అంకె: నిమిషానికి నలభై ఐదు చుట్లు. షట్టరు సగం దించి, మీట మార్చి, సూది పెట్టాడు. అర నిమిషంలో తను చేసిన తప్పు తెలిసిపోయింది. గుర్రాల మంద తరుముకొచ్చినట్టు, పాత ఒతసీలియో.

కుర్చీలో కూలబడి బేరం లెక్క వేశాడు. చెబితే అతని చెవికి ఇక ధర ఉండదు. వేగం పక్షం బిళ్ళలు విప్పుకున్నందుకు తిడుతుంది. లోతు పక్షం మళ్ళీ ముఖం చూపించదు. చెప్పకపోతే పెట్టె విప్పిన మొదటివాడే ఇంట్లో కనిపెడతాడు. అమ్మకుండా ఆపితే ఒతసీలియో అడుగుతాడు. ఎటు తిరిగినా గోడే. శుక్రవారం కొట్టు తెరవలేదు. మూస్తే జనం తలుపు అవతల ఉంటారు, తెరిస్తే ఇవతల ఉంటారు, అంతే తేడా.

ఆ రాత్రంతా నలిగి ఒక అబద్ధం తయారు చేసుకున్నాడు: నమూనాని ఫ్యాక్టరీవాళ్ళు తప్పుగా చేశారు. ఎవరికీ నష్టం లేని సరుకు.

శనివారం రెండు పక్షాలూ కొట్టు నిండా కిక్కిరిశాయి. కౌంటరు వెనక అదౌతో, అతని వెనక గోడ. ఉన్న ఒక్క తలుపు జనానికి అవతల. ఆ తలుపులోంచి ఒతసీలియో వచ్చాడు. దారి ఇచ్చారు కానీ ఎవరూ పలకరించలేదు. అతను జత కర్రలు కౌంటరు మీద పెట్టాడు.

"మేకు ఎక్కడ కొడతావో చూపించు."

"ఒతసీలియో, అసలు ఆ ఫ్యాక్టరీవాళ్ళు..." అని మొదలుపెట్టాడు అదౌతో. కర్రల మీద చూపు పడింది. కొనలు నమిలిన చెరుకు ముక్కల్లా పీచులు తేలి ఉన్నాయి. నిదానంగా వాయిస్తే కర్రలు అలా అవవు. తయారు చేసుకున్న అబద్ధం వదిలేశాడు.

"తప్పు నాదిరా. నలభై ఐదులో పెట్టాల్సింది ముప్పై మూడులో పెట్టాను."

పెట్టెలోంచి ఒకటి తీసి, మీట అందరికీ కనబడేలా మార్చి, సూది దించాడు. మొదటి దెబ్బకే అద్దాల అలమర గడగడలాడింది. మర్లూసియా కళ్ళు మూసుకుంది. చెయ్యి జేబులోని బిళ్ళను వెతుకుతోంది.

ఒతసీలియో రెండు వైపులూ అయ్యేదాకా ఆగాడు. కట్టుబాటు కదా. తర్వాత అడిగాడు:

"నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"గురువారం," అన్నాడు ఒతసీలియో. "నేను నిద్రపోక ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? ఒక్క ఫోను చెయ్యలేకపోయావురా."

ఒతసీలియో కర్రలు తీసి వెనక జేబులో దోపుకున్నాడు.

"సూది దారం ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" అంది మర్లూసియా. "విప్పింది మళ్ళీ కుట్టకూడదంటారేమో, ముందే చెబుతున్నా. నేను విప్పింది ఈయన మీటను చూసి. జట్టును చూసి కాదు."

"నాకు మాత్రం నెమ్మదిదే నచ్చింది," అన్నాడు జెనివాల్ గొంతు సవరించుకుని. "నేను ఇంట్లో ముప్పై మూడులోనే వింటాను."

"విను నాయనా. నీ దగ్గరికొచ్చేవాళ్ళకీ వినిపించు, మత్తుమందు ఖర్చు మిగులుతుంది!"

మళ్ళీ కొట్లాట మొదలైంది. ఈసారి ఎన్ని చుట్లలో వినాలన్న దాని మీద. అదౌతోని ఎవరూ మాట అడగలేదు.

డిసెంబరు పోయాక, తాళం తిప్పుతూ అతను లెక్క చూసుకున్నాడు. పెట్టెలు ఖాళీ అయ్యాయి. పోయింది మొదటి మాట. ఇప్పుడు శనివారాల్లో మర్లూసియా చీటీ మీది అంకెను పైకి చదివితేనే అతను సూది దించాలి. చదివే ముందు ఎవడో ఒకడు "అన్నా, అంకె కనబడుతోందా?" అంటాడు. కౌంటరు వెనక అదే గోడకి ఆనుకుని అతను తలూపుతాడు. తన కొట్లో, తన ప్లేయరు ముందు, ఆ ప్రశ్నను దాటి వెళ్లే దారి లేదు. వచ్చింది ఒక్కటే. డిసెంబరు ప్రదర్శనలో ఒతసీలియో వాయించాడు. వెనక వరసలో నిలబడ్డ అదౌతోకి ముందున్న మర్లూసియా వీపు కనబడింది. బిళ్ళను మళ్ళీ కాస్త వంకరగా కుట్టుకుంది. ఒక అంచున ముదురు నీలం గీత బయటికి కనిపిస్తోంది.